ఫ్రిజ్‌లో చెప్పు

సినిమా పనులు నేర్పే శిక్షణలో పేరు రాయించుకోవడానికి వెళ్ళిన రోజు, బల్ల వెనక కూర్చున్న మేనేజరు ఆమెను ఎగాదిగా చూసి, "ఏమ్మా, మీ అమ్మాయి రాలేదా?" అన్నాడు.

"అమ్మాయి లేదండీ. చేరేది నేనే."

"ఇది కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకమ్మా."

"నేనూ కొత్తగానే మొదలుపెడుతున్నాగా!"

అతను ఫారం చేతిలో పెట్టాడు. పెట్టక చస్తాడా? వయసు ఇంతకంటే ఎక్కువ ఉండకూడదని ఆ ఫారంలో ఎక్కడా రాసి లేదు మరి.

ఆమెకి నలభై నాలుగేళ్ళు. పద్దెనిమిదేళ్ళు బస్సు కండక్టరుగా చేసింది. టికెట్ మిషన్లు వచ్చి కండక్టర్లందరినీ దింపేశాక ఇంట్లో కూర్చుంది. వాళ్ళ అక్క రోజూ ఫోన్ చేసి "హాయిగా విశ్రాంతి తీసుకోవే" అనేది. విశ్రాంతట విశ్రాంతి! కాళ్ళూ చేతులూ శుభ్రంగా ఆడుతున్న మనిషికి విశ్రాంతంటే గదిలో పెట్టి గడియ వేయడమే కదా. శిక్షణలో చేరిందని తెలిశాక అదే అక్క, "ఈ వయసులో సినిమాలేంటే, నలుగురూ నవ్విపోతారు" అంది. "నవ్వనీ. నవ్వితే వాళ్ళ పళ్ళే బయటపడతాయి" అని ఈమె ఫోన్ పెట్టేసింది.

లైట్లు, మేకప్పు, కెమెరా అన్నీ చూసి, చివరికి సౌండు పని ఎంచుకుంది. ఎందుకంటే బస్సు కదిలితే చాలు, ఏ బోల్టు వదులైందో చెవితోనే చెప్పేసేది. ఇక్కడ సౌండు మాస్టారు నేర్పేవి రెండు ముఖ్యమైన పనులు. వైరు మెలిక పడకుండా చుట్టడం, పొడుగాటి కర్రకి కట్టిన మైకుని నటుల తలల మీదుగా కదలకుండా పట్టుకోవడం. ఇరవై ఏళ్ళ పిల్లలు మూడు నిమిషాలకే "అమ్మో చేతులు" అని దింపేసేవాళ్ళు. ఈమె దింపేది కాదు. పిల్లలు మొదట్లో "ఆంటీ" అన్నారు, రెండో వారానికి "కండక్టరమ్మా" అన్నారు. అది వెటకారమో ముద్దో వాళ్ళకే తెలియాలి. ఆమె మాత్రం రెంటికీ పలికింది.

ఆరు వారాలయ్యాక మాస్టారు ఒక్కరిని, ఒక్కరంటే ఒక్కరినే, సోమవారం మొదలయ్యే అసలు సినిమాకి అసిస్టెంటుగా తీసుకెళ్తాడు. ఆ ఒక్కరు ఎవరన్నది ఆఖరి రోజు ప్రాక్టీసు షూటింగులో తేలుతుంది. ఆ ఒక్క చోటు కోసం ఆమె ఆరు వారాలుగా సరిగ్గా నిద్ర కూడా పోలేదు.

ఆఖరి షూటింగు మేనేజరు తరచూ అద్దెకి తీసుకునే ఒక ఇంట్లో, మూడో అంతస్తులో, వంటగదిలో. మాస్టారు ముందే చెప్పాడు. "వంటగదిలో షాటు అంటే మొట్టమొదట ఫ్రిజ్ ఆపాలి. దాని రొద మైకులో పడితే డైలాగు బూడిదలో పోసిన పన్నీరే. అయితే ఆపడం అందరికీ గుర్తుంటుంది, మళ్ళీ వేయడం ఒక్కడికీ గుర్తుండదు. అందుకని ఆపినవాళ్ళు తమ బండి తాళం ఫ్రిజ్‌లో పెట్టాలి. ఇంటికెళ్ళేటప్పుడు తాళం కోసం చచ్చినట్టు తలుపు తీస్తారు, స్విచ్చి వేస్తారు. ఏది లేకపోతే మీరు గడప దాటలేరో అది పెట్టండి."

ఆ రోజు ఫ్రిజ్ బాధ్యత ఆమెది. చిక్కేంటంటే ఆమెకి బండి లేదు. ఇంటి తాళం మొగుడి దగ్గరుంది. ఫోన్లన్నీ ముందే మాస్టారి సంచిలోకి వెళ్ళిపోయాయి. పర్సు పెడదామా అంటే, పర్సు ఎక్కడో వదిలేసి ఇంటికి చేరిన రోజులు బోలెడు. మరి ఏది లేకపోతే గడప దాటలేదు? కిటికీలోంచి చూసింది. కింద తారు రోడ్డు పెనంలా కాలుతోంది. గుమ్మం దగ్గర తన చెప్పులు కనపడ్డాయి.

ఎడమకాలి చెప్పు తీసుకెళ్ళి సబ్బుతో కడిగింది, తుడిచింది, ఒకటి మీద ఒకటి రెండు కవర్లు చుట్టింది. ఫ్రిజ్ అడుగున ఖాళీగా ఉన్న అరలో పెట్టి స్విచ్చి ఆపింది. మాస్టారు చెప్పింది చెప్పినట్టు చేశానని నిశ్చింతగా కర్ర పట్టుకుని నిలబడింది.

రెండు షాట్లయ్యాయి. మూడోదానికి లైట్లు మారుస్తుంటే పక్క వాటాలో ఉండే ఇంటావిడ, ఆ ఫ్రిజ్‌లోనే దాచుకున్న కంటి చుక్కల మందు కోసం వచ్చింది. ఫ్రిజ్ తెరిచింది. కవరు కనపడింది. విప్పింది.

ఇక చూస్కోండి! ఇల్లు పీకి పందిరేసింది. "తినే వస్తువుల మధ్య చెప్పా? ఏ జన్మలో చూశామమ్మా ఇలాంటిది!" మేనేజరు పరుగున వచ్చాడు, చెప్పు చూశాడు, అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. "బస్సుల్లో తిరిగేవాళ్ళని చేర్చుకుంటే ఇలాగే ఏడుస్తుంది! నాదీ బుద్ధి తక్కువ!" పిల్లలు మూతులు బిగబట్టి నవ్వు ఆపుకుంటున్నారు. ఆమెకి ముఖం మండిపోయింది.

ముందు ఇంటావిడ దగ్గరికి వెళ్ళింది. "తల్లీ, చెప్పు పెట్టడం తప్పే. కడిగి, చుట్టి పెట్టినా తప్పే. అర నేనే కడిగి పెడతాను" అంది. నిజంగానే బాధపడి అంది. ఇంటావిడ కాస్త తగ్గింది. మేనేజరు తగ్గితేనా? ఒక తెల్లకాగితం తెచ్చి బల్ల మీద కొట్టాడు. "ఇంటావిడ పేర రాయి. చదువు తక్కువదాన్ని, తెలియక చేశాను, క్షమించండి అని రాసి సంతకం పెట్టు. లేదంటే లిస్టులోంచి నీ పేరు ఇప్పుడే కొట్టేస్తా."

మాస్టారు పక్కకొచ్చి మెల్లిగా అన్నాడు. "రాసెయ్యమ్మా. కాగితమేగా. సోమవారం సంగతి చూసుకో."

నిజం చెప్పొద్దూ, ఆమెకి ఆ ఉద్యోగం కావాలి. ఉత్తినే కాదు, ప్రాణం పెట్టి కావాలి. ఒక్క మాట తెలియక చేశానని రాస్తే చేతికొస్తుంది. కానీ తెలియకపోవడమేంటి? అందరికంటే బాగా తెలిసే కదా చేసింది! కలం తీసుకుని రాసింది. మేనేజరుకి ఇవ్వకుండా తిన్నగా ఇంటావిడ చేతికిచ్చింది.

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని పైకే చదివింది. "అమ్మా, తెలిసే చేశాను. మైకు కోసం మీ ఫ్రిజ్ ఆపాను. మళ్ళీ ఆన్ చేయకుండా ఈ ఇంట్లోంచి కదలకూడదని, ఈ ఎండలో ఏది లేకపోతే నడవలేనో అది అందులో పెట్టాను. చెప్పు పెట్టినందుకు క్షమించండి. మీ ఫ్రిజ్ మర్చిపోకూడదనుకున్నందుకు మాత్రం ఎవరికీ క్షమాపణ చెప్పను."

ఇంటావిడ తలెత్తి, "షూటింగుకి ఫ్రిజ్ ఆపుతారా? ఆ సంగతి నాకెవరూ చెప్పలేదే" అంది.

"పోయిన నెల మాత్రం కరెంటు పోవడం వల్లేనండీ!" అన్నాడు మేనేజరు గబుక్కున.

పోయిన నెల ఊసు ఎవరెత్తారు? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడు మహానుభావుడు. ఇంటావిడ అతని వైపు తిరిగింది. "రెండు రోజులు ఊళ్ళో లేను. వచ్చి తలుపు తీస్తే కంపు. మందులన్నీ పారబోశాను. కరెంటు పోయిందన్నావు, నమ్మాను. అయితే ఆపి మర్చిపోయి వెళ్ళారన్నమాట!"

"అది... మా కుర్రాళ్ళు..."

"నువ్వుండవయ్యా." ఆవిడ కాగితం మడిచి చేతిసంచిలో పెట్టుకుంది. "మీ షాట్లేవో కానివ్వండి. కానీ ఆ స్విచ్చి మీద ఈవిడ తప్ప ఇంకొకరు చేయి వేశారో, సామాను మొత్తం కిందికి దింపిస్తా."

ఆమె అర కడిగింది, తుడిచింది. ఇంకా రెండు షాట్లున్నాయి. తిన్నగా మేనేజరు ముందుకెళ్ళి చేయి చాచింది.

"ఏంటి?"

"చెప్పు పెట్టకూడదుగా సార్. మీ కారు తాళం ఇవ్వండి."

అతను పిల్లల వంక చూశాడు. ఈసారి ఒక్కరూ నవ్వడం లేదు. మాస్టారి వంక చూశాడు, ఈ పిచ్చి మాట మీరైనా ఆపండి అన్నట్టు. మాస్టారు హెడ్‌ఫోన్లు మెడలో వేసుకుంటూ, "ఇవ్వండి సార్. నా అసిస్టెంటు అడుగుతోంది" అన్నాడు.

మేనేజరు జేబులోంచి తాళం తీసి ఇచ్చాడు. ఆమె దాన్ని అడుగు అరలో పెట్టింది, స్విచ్చి ఆపింది, అన్ని గదులకీ వినపడేలా గట్టిగా అరిచింది.

"ఫ్రిజ్ ఆపాను మాస్టారూ! కానివ్వండి!"