వెండెల్ కంగస్ బిగించిన స్కీలు

స్నోమొబైల్ అనే మంచుబండి గురించి వెండెల్ కంగస్‌కి తెలియనిది లేదని సుపీరియర్ సరస్సు ఒడ్డున ఆ ఊళ్లో అందరికీ తెలుసు. ఆ సంగతి అందరికీ చెప్పింది అతనే. తొమ్మిదేళ్లుగా ఊరి స్నోమొబైల్ క్లబ్బుకి అతనే అధ్యక్షుడు.

ఆ చలికాలం తన బండికి ముందు చక్రాల బదులుండే జారుడు పలకలు, ఆ పాత స్కీలు తీసేసి, వెడల్పాటి ప్లాస్టిక్ స్కీలు వేరే కంపెనీవి తెప్పించాడు. మెత్తటి మంచులో బండి ముక్కు దిగబడకుండా తేలుతుందట. పెట్టెలో ఎలా బిగించాలో బొమ్మలతో సహా చెప్పే కాగితం ఒకటి వచ్చింది. పొయ్యి అంటించుకోమని దాన్ని భార్య మార్లిస్‌కి ఇచ్చేశాడు. మార్లిస్ బడి బస్సు నడుపుతుంది; ఆ బస్సు మరమ్మతులూ తనే చేసుకుంటుంది. ఆమె కాగితం చదివి కోటు జేబులో పెట్టుకుంది.

వెండెల్ షెడ్డులో బండి ముందుభాగం పైకెత్తి, బోల్టులు ఊడదీసి కొత్త స్కీలు తగిలించాడు. స్కీకీ దాన్ని పట్టుకునే కాలుకీ మధ్య రబ్బరు దిమ్మ ఒకటుంటుంది. దానికి ముందూ వెనకా వేరు. వెండెల్‌కి రెండూ ఒకలాగే కనిపించాయి. స్కీలు సూటిగా ఉన్నాయో లేదో టేపుతో కొలవాల్సింది, ఒక కన్ను మూసి చూసి సరిపెట్టేశాడు.

"ముక్కులు నేలచూపులు చూస్తున్నాయేంటి?" అంది మార్లిస్.

"పరిగెత్తేటప్పుడు లేస్తాయిలే."

ఆదివారం క్లబ్బు తొలి యాత్ర. ఇరవై ఆరు బళ్లు వరసగా నిలబడ్డాయి. నట్టు బిగించడం కూడా చేతకానివాళ్ల వల్ల క్లబ్బు పరువు ఎలా పోతోందో వెండెల్ ఇరవై నిమిషాలు వివరించి, అందరికంటే ముందు బయల్దేరాడు. బండి ఎడమకి లాగుతూ పోయి మొదటి మంచుదిబ్బలో పారలా దిగబడింది. బండి ఆగింది, అధ్యక్షుడు ఆగలేదు.

కాళ్లు పట్టి బయటికి లాగారు. నోట్లో మంచు ఊసేసి, "చూశారుగా, సరిగ్గా బిగించకపోతే ఇదీ వరస" అన్నాడు. కోశాధికారి డెల్బర్ట్ చప్పట్లు కొట్టాడు. దాంతో మిగతావాళ్లూ కొట్టారు.

యాత్రకి వచ్చిన మార్లిస్ జేబులోంచి ఆ కాగితం, బండి సీటు కిందనుంచి రెంచి, టేపు తీసి మంచులో మోకాళ్ల మీద కూర్చుంది. వెండెల్ పక్కన నిలబడి జనానికి పాఠం మొదలుపెట్టాడు. మధ్యలో వంగి, "ఏం చేస్తున్నావు?" అని గొణిగాడు.

"రబ్బరు తిప్పి పెడుతున్నా."

"రబ్బరు తిప్పి పెడుతోంది," అని గట్టిగా ప్రకటించాడు. మళ్లీ వంగి, "ఎందుకు?" అన్నాడు.

"ముందుది వెనక్కి పెట్టావు కాబట్టి."

ఆ ముక్క మాత్రం ప్రకటించలేదు.

ఆమె హ్యాండిల్ సూటిగా నిలిపి, స్కీల ముందు కొసల మధ్య, వెనక కొసల మధ్య కొలిచి, కాగితంలో ఉన్నట్టే ముందువైపు రవ్వంత ఎక్కువ ఎడం ఉంచి బిగించింది. తర్వాత బండి అదే దిబ్బ మీద పడవలా తేలిపోయింది. అధ్యక్షుడి ప్రదర్శనకి క్లబ్బు ఏకగ్రీవంగా అభినందనలు తెలిపి, శనివారాలు శిక్షణ ఇమ్మని కోరింది.

శనివారం పదకొండు బళ్లు వచ్చాయి. అందరూ వెండెల్‌తో మర్యాదగా చేయి కలిపి, బళ్లు మాత్రం మార్లిస్ వైపు తోసుకెళ్లారు. మాట్లాడాలనుంటే టేపు కొస పట్టుకుని మాట్లాడమని వెండెల్‌తో అందామె. మొదటి రెండు బళ్ల దాకా వెండెల్ మాట్లాడాడు. మూడో బండి దగ్గర కొలత తనే తీశాడు, తప్పొచ్చింది, మళ్లీ తీశాడు. ఆరోదానికి రెండు పక్కలా సరిగ్గా కుదిరింది. ఆ సంతోషంలో ఉపన్యాసం సంగతే మర్చిపోయి ఏడో బండి కిందకి దూరాడు.