మిగిలిన పదిహేను గంటలు

మా ఆయన విమానం దిగిన రోజు మా ఇంట్లో కుక్కర్ కూత వేయదు. ఆ రోజు అన్నం గిన్నెలో వండి వారుస్తాను. పిల్లలకు టీవీ ఉండదు. మంచం పట్టిన అత్తగారు కూడా గట్టిగా దగ్గదు. "ముప్పై గంటల ప్రయాణం, నలిగిపోయి వచ్చాడు, చప్పుడు చెయ్యకండర్రా" అంటుంది. మధ్యలో విమానం మారాలట, ఎక్కడో పడిగాపులు పడాలట. నాలుగేళ్లుగా ఆయన చెప్పడం, నేను జాలిపడి కాళ్లు పట్టడం.

నేను మా వీధి చివరి కళ్లజోళ్ల షాపులో పనిచేస్తాను, మధ్యమధ్యలో ఇంటికొచ్చి అత్తగారిని చూసుకుని వెళ్తుంటాను. మొన్నామధ్య విమానంలో పనిచేసే అమ్మాయి ఒకతి విరిగిన ఫ్రేమ్ తెచ్చింది. మాటల్లో ఆయన ఆఫీసు పని మీద వెళ్లొచ్చే ఊరి ప్రస్తావన వచ్చింది.

"అక్కణ్నుంచా? మా విమానం నేరుగా వచ్చేస్తుందక్కా. పదిహేను గంటలు. మారడాలూ గీరడాలూ ఏం లేవు."

"ఈమధ్యే వేశారా?"

"నేను చేరి ఐదేళ్లు. అప్పటికే ఉంది."

ఆమె వెళ్లాక ఫోన్లో చూశాను. రెండు ఎయిర్‌పోర్టుల మధ్య ఒక వంపు గీత, పదమూడు వేల కిలోమీటర్లు, పదిహేను గంటలు. మరి మిగతా పదిహేను గంటలూ ఈయన ఎక్కడ ఎగురుతున్నట్టు? అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. గడ్డం నున్నగా గీసుకుని దిగుతాడు. ఆయన చొక్కాలు ఉతికేదాన్ని నేనే, అంతసేపు కూర్చున్న మనిషి చొక్కా నలగదా? మెడ దగ్గర మా ఇంట్లో లేని సబ్బు వాసన. ఛీ, ఇంత మొద్దునా నేను! వారమంతా కళ్లద్దాలు తుడుస్తూ ఆవిణ్ని ఊహించుకున్నాను. పొడుగ్గా, తీరిగ్గా ఉంటుంది. ఆవిడ చేతులకు వెల్లుల్లి వాసన రాదు.

ఈసారి ఆయన దిగిన రోజు పిల్లలు బడికెళ్లేదాకా ఆగి, కాఫీ ముందు పెట్టి అడిగేశాను. "ఆవిడెవరు?"

ఆయన పకపకా నవ్వాడు.

"పిచ్చిమొహమా, ఆవిడా లేదు గీవిడా లేదు. ఇక్కడ మన ఎయిర్‌పోర్టు పక్కన హోటల్లో దిగి, ఫోన్ ఆపేసి హాయిగా పడుకుంటా. ఇంటికొస్తే నిద్రెక్కడే? అమ్మ మూలుగు, పిల్లల గోల, నువ్వు చెప్పే కుళాయిలూ ఫీజులూ. మనిషన్నాక కాస్త విశ్రాంతి వద్దా?"

నమ్మాను. తప్పు చేసినవాడి గొంతులో అంత ధీమా ఉండదు. ఆవిడే ఉంటే బాగుండేదనిపించింది. నేను ఏడిస్తే నలుగురూ నా పక్కన కూర్చునేవారు. నిద్రపోయినందుకు మొగుడి మీద ఏ ఆడది ఏడ్చింది? ఈ నాలుగేళ్లూ అక్కడ కడుపునిండా నిద్రపోయి వచ్చి, ఇక్కడ మళ్లీ నా చేత ఇల్లంతా నిశ్శబ్దం చేయించుకుని పడుకున్నాడు. ఆయన తల్లిని పక్కకు తిప్పడానికి రాత్రుళ్లు లేచేది నేను. తెల్లారేదాకా ఒళ్లెరగకుండా పడుకున్నది చిన్నదాన్ని కడుపున మోయకముందు మాట. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఇంకా అనుమానమేనా? ఇదిగో చూస్కో" అంటూ ఫోన్లో ఆ గది చూపించాడు. తెల్లటి పక్క, మందపాటి తెరలు. చాలాసేపు చూశాను. హోటల్ పేరు కూడా చదువుకుని, లేచి హ్యాండ్‌బ్యాగ్ తీసుకున్నాను. లోపల్నుంచి అత్తగారు నన్ను పిలుస్తోంది.

"మీ అమ్మని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. పిల్లలు నాలుగింటికొస్తారు."

"నువ్వెక్కడికే?"

"ఆ హోటల్‌కి. నాకూ నిద్రొస్తోంది."