రెండు పచ్చలు

నేను ఒక ఓటుపెట్టెను. పేరాచారి అనే వడ్రంగి నన్నూ నా తోబుట్టువునూ ఒకే మామిడి దుంగలోంచి తీశాడు. ఒకే కొలత, ఒకేలాంటి తాళం, నెత్తిమీద చీటీ పట్టేంత చీలిక. తేడా అంతా రంగులోనే. దానికి ఆకురంగు పూశాడు, నాకు పసుపు రంగు పూశాడు. అందగత్తెను నేనేనని ఆ రోజే తేల్చేసుకున్నాను.

దొరల ఏలుబడిలో జిల్లా బోర్డు ఎన్నికలొచ్చిన రోజులవి. ఓటర్లలో చాలామందికి చదువు లేదు కాబట్టి అభ్యర్థికొక రంగు పెట్టె. తెర చాటుకు వెళ్లి, మెచ్చినవాడి పెట్టెలో చీటీ వేసి రావడమే. రంగులు పంచిన దొరగారి భాషలో నాకూ నా తోబుట్టువుకూ వేరువేరు మాటలున్నాయి, ఆయనకు బాధ లేదు. తెలుగు చేసిన గుమాస్తా మాత్రం దాన్ని 'పచ్చ' అని రాశాడు, నన్నూ 'పచ్చ' అనే రాశాడు. ఆయన్ని తప్పుపట్టడానికీ లేదు. పచ్చని చేను అంటాం, పచ్చని గడప అంటాం. ఎవరైనా తికమకపడ్డారా ఎప్పుడైనా?

నేను కోటపాటి రామభద్రయ్యగారి పెట్టెను. తాలూకాలో మొదటి మోటారుకారు ఆయనదే. కారు తోసేవాళ్లు నలుగురు ఎప్పుడూ వెంట ఉండేవారు. నా తోబుట్టువు పోపూరి రత్తయ్యది. వాగు అవతల ఊళ్లో మోతుబరి కూడా కాని మామూలు రైతు. వానాకాలం వస్తే ఆ ఊరికి మూడు నెలలు దారి ఉండదు. కిందటేడు పురిటినొప్పులు పడుతున్న పిల్లను మంచంమీద మోసుకొచ్చి, వాగు దాటలేక ఒడ్డునే పోగొట్టుకున్నారు. ఆ పిల్ల రత్తయ్య అక్క ఆదెమ్మ కూతురు. వాగుమీద వంతెన కోసమే రత్తయ్య పోటీకి దిగాడు, తమ్ముణ్ణి దింపింది ఆదెమ్మే.

ఇద్దరి డప్పులూ ఊరూరా ఒకే మాట చాటాయి, ఓటు పచ్చపెట్టెకేనని. ఇద్దరూ నిజమే చెప్పారు మరి.

ఆదెమ్మ పేరున నాలుగెకరాలుంది, శిస్తు కడుతుంది కనుక ఓటుంది. పోలింగు రోజున అలాంటి మరో ఇద్దరాడవాళ్లను వెంటబెట్టుకుని వచ్చింది. తెర వెనక మా ఇద్దర్నీ పరకాయించి చూసింది. పసుపుపచ్చగా మెరిసిపోతున్నది నేను. ఆమె కళ్లు నామీదే నిలిచాయి. కొంగున ముడివేసి తెచ్చిన కుంకుమ తీసి నా నెత్తిన బొట్టు పెట్టింది, కళ్లకద్దుకుని చీటీ వేసింది. మిగతా ఇద్దరూ అదే పని చేశారు. అంత మర్యాద నాకు పుట్టి బుద్ధెరిగాక జరగలేదు. ఉబ్బిపోయాను.

కచేరీ వరండాలో లెక్క తేలింది. నాలో నాలుగొందల పన్నెండు, దాన్లో నాలుగొందల తొమ్మిది. రామభద్రయ్యగారి మెడలో దండ పడింది. అప్పుడు ఆదెమ్మ జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చి నన్ను చూపించింది.

"గెలిచింది ఈ పచ్చపెట్టేగా? దండ మా తమ్ముడికెయ్యరేం?"

నామీద మూడు కుంకుమ బొట్లు, ఓట్ల తేడా మూడు. లెక్కలు రానివాడిక్కూడా అర్థమైపోయింది. నాకు సిగ్గుతో చితికిపోవాలనిపించింది.

రత్తయ్య తరపు వకీలుకు ప్రాణం లేచొచ్చింది. ముగ్గురాడవాళ్ల చేత కోర్టులో పొరపాటు ఒప్పిస్తే ఎన్నిక తిరగబడుతుందన్నాడు. రత్తయ్య తన అక్క ముఖం చూశాడు. అది పాలిపోయి ఉంది.

"మా అక్కను బోనెక్కించి, నాకు రంగులు తెలవ్వని చెప్పించి తెచ్చుకునే కుర్చీ నాకొద్దండి," అన్నాడు.

ఆదెమ్మ తమ్ముడివైపు చూడలేదు. దండ వేసుకున్నాయన ఎదటికి వెళ్లి నిలబడింది.

"అయ్యా, నా ఓటు మీకు పడిందంట. పడితే పడింది, వెనక్కియ్యమని అడగను. నా బిడ్డ పోయిన వాగుమీద వొంతెన కోసం ఏసిన ఓటది. ఓటు మీరుంచుకుంటే వొంతెన కూడా మీరే కట్టాల."

రామభద్రయ్యగారు మెడలో దండ సర్దుకున్నారు, మళ్లీ సర్దుకున్నారు. కట్టిస్తానన్నారు. అంతమంది ముందు కాదని ఎలా అంటారు?

మాట నిలబెట్టుకోవడానికి ఆయనకు మూడేళ్లు పట్టింది. ఏడాదికి రెండుసార్లు ఆదెమ్మ ఆ కారుకు అడ్డంగా నిలబడకపోతే ముప్ఫై ఏళ్లు పట్టేది. ఈలోగా రంగుపెట్టెల కాలం చెల్లి నన్ను వేలం వేశారు. గాజులమ్మే మస్తానమ్మ కొనుక్కుంది. నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిప్పుతుంది. ఎర్ర గాజులు, నీలం గాజులు, రెండు రకాల పచ్చగాజులు, అన్నీ నాలోనే సర్దుకుని ఉంటాయి.

వానాకాలంలో కూడా మేమిద్దరం వాగు దాటుతాం. వంతెన మొదట్లో రాతిపలక మీద కోటపాటి రామభద్రయ్యగారి పేరు ఇంతింత అక్షరాలతో చెక్కి ఉంది. కిందటివారం ఒక బండి అటు పోతోంది, లోపల నిండు చూలాలు. దారి ఎటని బండివాడు అడిగితే మస్తానమ్మ చెయ్యి చాపి చెప్పింది.

"తిన్నగా పో అబ్బాయ్, ఆదెమ్మ వొంతెన మీంచి."