ఇంట్లోవాళ్లు వినకూడని పాట

మెడకు ఆపరేషన్ అయ్యాక చిట్టికి గొంతు తిరిగొచ్చింది గానీ, వెళ్లిన గొంతు కాదు వచ్చింది. మునుపు సన్నగా, పైపైకి అవలీలగా ఎగబాకే గొంతు. ఇప్పుడేమో కింది స్థాయిలోనే తిరుగుతూ, కాస్త జీరతో, ఎవరో పెద్దావిడ దగ్గర అరువు తెచ్చుకున్నట్టు ఉంది. తను పనిచేసే కళ్లజోళ్ల దుకాణంలో కౌంటరు దగ్గర మాట్లాడటానికి అది చాలు. పాటకు చాలుతుందా అన్నదే ఆమెకు తేలలేదు.

చెప్పేవాళ్లు లేక కాదు. భర్త అద్భుతమన్నాడు. అత్తగారు మునుపటికంటే బాగుందన్నారు. ఆడపడుచు కళ్లు తుడుచుకుంది. అదే వచ్చిన చిక్కు. కాకిపిల్ల కాకికి ముద్దు. ఆపరేషన్ గది బయట కూర్చుని ఏడ్చినవాళ్లు ఇప్పుడామె దగ్గినా చప్పట్లు కొడతారు. ఆ సంగతులేవీ తెలియని మనిషి ఒక్కరు, జాలి లేకుండా, పాటను చివరిదాకా వింటే చాలనుకుంది. అలా ఎవరూ వినకపోతే పాడటం మానేద్దామనీ తీర్మానించుకుంది. ఆ తీర్మానం ఆమెకు నిద్ర పట్టనివ్వలేదు.

తానే రాసుకున్న పాటను కొత్త గొంతుతో పాడింది. చిన్న రికార్డింగు గది నడిపే రికార్డిస్టు దాన్ని పాటల యాప్‌లో, ఆమె పాత పాటల పక్కనే పెట్టాడు. వెనక పెద్ద కంపెనీ లేనివాళ్లకు ఆ యాపే దిక్కు. ఒక పాట విన్నవాళ్లు ఇంకేం వింటున్నారో గమనించి, అదే రుచి ఉన్న ముక్కూమొహం తెలియనివాళ్లకు ఆ పాటను తనే వినిపిస్తుంది.

ఇక ఇంటిల్లిపాదీ నడుం కట్టారు. భర్త తన సెలూన్‌లో, కుర్చీలు అదిరే డాన్సు పాటల మధ్య దీన్ని తిప్పితిప్పి వేశాడు. సగం గడ్డం గీసినవాడు లేచి పారిపోలేడు కదా. ఆడపడుచు చంటిదాన్ని ఆడించే పాటల మధ్య ఇరికించింది. అత్తగారి ఫోనయితే, ఆవిడ పక్కింట్లో కబుర్లు చెబుతున్నా సరే, వంటింట్లో పాడుతూనే ఉండేది.

కొత్తవాళ్లు వచ్చారు, వచ్చినట్టే పోయారు. పల్లవి ఎత్తుకోకముందే దాటేసి వెళ్లిపోయేవారు. తీర్పు వచ్చేసిందనుకుంది చిట్టి. నాలుగు ముద్దలు తిని కంచం ముందు నుంచి లేచేయడం మొదలుపెట్టింది. చివరికి రికార్డిస్టు దగ్గరకు వెళ్లి పాటను తీసేయమంది.

అతను పాట విన్నవాళ్లు ఇంకేం విన్నారో చూసి నవ్వాపుకోలేకపోయాడు. యాప్‌కు ఆ ఇల్లు తప్ప వేరే ఆధారం లేదు. ఈ పాట నచ్చేది చిందులేసేవాళ్లకూ ఉయ్యాల్లో పిల్లలకూ అని నమ్మేసి, పాపం, వెతికివెతికి వాళ్ల దగ్గరకే మోసుకుపోతోంది.

"మీవాళ్ల ప్రేమే మీ పాట కొంప ముంచుతోందమ్మా," అన్నాడు. "కొన్నాళ్లు వాళ్లని విననివ్వకండి. నెమ్మది పాటలు వినేవాళ్లు కొందరు నాకు తెలుసు. మీ సంగతేమీ చెప్పకుండా వాళ్లకు పంపుతాను. ఆ తర్వాత దారి అదే వెతుక్కుంటుంది."

చెప్పినంత తేలికా? ఆ పూట అన్నాల దగ్గర విషయం బయటపెట్టేసరికి భర్త మొహం ముడుచుకున్నాడు. అత్తగారు ముద్ద కలపడం ఆపారు.

"వినమని బతిమాలేవాళ్లని చూశాను గానీ, వినొద్దని బతిమాలేదాన్ని నిన్నే చూస్తున్నానే. పరాయివాళ్లు వింటేనే పాటా?"

"మీరు నన్ను వింటారత్తయ్యా. వాళ్లయితే పాట వింటారు."

 అత్తగారు ఎడమచేత్తో ఫోను తీసి కొడుకు ముందు పెట్టి, పాట కనబడకుండా చెయ్యమన్నారు.

ఇల్లు మూగబోయింది. విన్నవాళ్ల లెక్క పాతాళానికి జారింది. చిట్టి గుండె కూడా దానితోపాటే జారింది. తర్వాత ఎవరో ఒకరు వచ్చారు, చివరిదాకా విన్నారు, మళ్లీ విన్నారు. ఆ ధైర్యంతో యాప్ మరికొందరిని పిలుచుకొచ్చింది. చిట్టికి ముందు అనుమానం అత్తగారి మీదకే పోయింది. ఆవిడ స్నానానికి వెళ్లినప్పుడు ఫోను తీసి చూసింది కూడా. ఆవిడ మాట తప్పలేదు.

ఒక మధ్యాహ్నం దుకాణం ఖాళీగా ఉన్నప్పుడు, పేరైనా తెలియని మనిషి పంపిన సందేశం కనబడింది.

"ఈ పాట రోజూ వింటున్నాను. ఇదయ్యాక మీ పేజీలో ఇంకొకామె పాటలు వస్తున్నాయి. ఆ అమ్మాయీ బాగానే పాడుతుంది గానీ, నాకు మీ గొంతే కావాలి. మీవి ఇంకేమైనా ఉన్నాయా?"

ఆ అమ్మాయి కూడా చిట్టే. ఆపరేషన్‌కు ముందటి చిట్టి. ఇన్నాళ్లూ ఎవరి ముందు తలవంచుకుని నిలబడిందో, ఆ పిల్లను ఈ మనిషి మర్యాదగా పక్కకు జరిపేశారు. చిట్టి కౌంటరు వెనక స్టూలు మీద కూలబడింది. ఏడుపొచ్చింది, దాని వెనకే నవ్వొచ్చింది. ముక్కు తుడుచుకుని జవాబు రాసింది.

"ఇంకా లేవండి. పాడుతున్నాను."