బాయే దిక్కు

సున్నం చల్లారేసరికి పొద్దు బారెడెక్కింది. కురుమయ్య కుండలో వేలు ముంచి, బొటనవేలితో నలిపి చూశాడు. చిక్కగా ఉంది. ఇంకొన్ని నీళ్ళు పోసి, చివర నలగ్గొట్టిన ఈతమట్టతో తిప్పాడు. అదే అతని కుంచె. కుండను తుంటి మీద పెట్టుకుని కాడి దగ్గరికి నడిచాడు.

అది నిజంగా బండి కాడే. నల్లతుమ్మ కర్ర. మలుపు అంచున రెండు గుంజలు పాతి, వాటి మీద అడ్డంగా కట్టాడు. గద్వాల నుంచి ఐజ వైపు పోయే కంకర రోడ్డు అక్కడ దిగువకు జారి, ఒక దిగుడుబావి పక్కన ఉన్నట్టుండి వంకర తిరుగుతుంది. ఎటునుంచి వచ్చే బండివాడికైనా ఆ కాడి ముందుగా కనబడుతుంది. ఐజ నుంచి వచ్చేవాడికి కనబడే ముఖం మీద అతని ఎడమ కొస తెల్లగా ఉంటుంది. గద్వాల నుంచి వచ్చేవాడికి అవతలి ముఖం మీద అతని ఎడమ కొస తెల్లగా ఉంటుంది. కాడి ఒకటే, ముఖాలు రెండు. కాడికి ఎడమన కట్టేది దాపటెద్దు, కుడిన కట్టేది ఎలపటెద్దు. అక్షరం రానివాడికి కూడా ఆ మాట తెలుసు. తెల్ల కొస ఉన్న వైపు, అంటే దాపటెద్దు వైపు, బండిని పట్టించుకుని పోవాలి. అంతే ఆ కాడి చెప్పేది.

కురుమయ్య ముందుగా ఐజ వైపు ముఖానికి సున్నం పట్టించాడు. ఒకసారి పైనుంచి కిందికి, ఒకసారి అడ్డంగా. కర్ర పగుళ్ళలోకి కుంచెను గుచ్చి తిప్పాడు. అతనిది చిన్న దేహం. వీపు మీద ఎముకలు వరసగా లెక్కకు అందుతాయి. సున్నం తిని అరచేతులు చెరువు అడుగులా చీలిపోయాయి. కంకర కొట్టే రోజుల్లో పెళ్ళ ఎగిరి ఎడమ కన్ను పోయింది. అందుకని ఎవరు పిలిచినా మెడ మొత్తం తిప్పి చూస్తాడు. దాపట కన్ను లేనోడు లోకానికి దాపట చెప్తుండని బండివాళ్ళ పరాచికం. భార్య కలరా గత్తర వచ్చిన ఏడు పోయింది. మళ్ళీ చేసుకోమని చాలామంది అడిగారు. అడిగినవాళ్ళు అడిగి అలిసిపోయారు.

బావి గట్టు నీడలో ఈదమ్మ అంబలి కుండ దించింది. గద్వాల సంతనాడు బండివాళ్ళకు అంబలి, గుగ్గిళ్ళు అమ్ముతుంది. గట్టి మనిషి, గట్టి గొంతు. ఆమె కురుమయ్యతో మాట్లాడదు. అతని గురించి కుండతో మాట్లాడుతుంది.

"చూస్తున్నవా కుండా, ఎట్ల పూస్తుండో! పెండ్లింటికి పూసినట్టు పూస్తుండు."

కురుమయ్య మెడ తిప్పలేదు.

"మొన్న ఎవడో గా కాడికి పసుపు రాసి, టెంకాయ కొట్టిపోయిండు. కాడెమ్మనట. గీ సున్నపోడు పసుపంత గీకి పారేసిండు. కాడెమ్మ కండ్లు తీస్తది కుండా. ఒకటి ముందే తీసింది."

పసుపు మసకచీకట్లో కనబడదు. అందుకే గీకాడు. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

రెండో ముఖం మొదలుపెట్టేలోపు ఐజ వైపు నుంచి బండ్లు రానే వచ్చాయి. రాజోలి వేరుశనగ బస్తాలు. కురుమయ్య కుండను కాడి కింద పెట్టి, చేతికర్ర తీసుకుని రోడ్డు మీదికి పోయాడు. ముందు బండి మీద మల్లేశం బస్తాల మధ్య నోరు తెరిచి నిద్రపోతున్నాడు. ఎద్దులు కంకర గుచ్చుకోకుండా, నలిగి మెత్తబడ్డ నడిరోడ్డు పట్టి నడుస్తున్నాయి. కురుమయ్య చక్రం మీద కర్రతో టంగున కొట్టాడు.

"లేయ్ రా! నువ్వు పండింది పెండ్లాం పక్కల గాదు, రోడ్డు మీద."

మల్లేశం ఉలిక్కిపడి పగ్గాలు వెతుక్కున్నాడు. "ఎడ్లకు తొవ్వ తెల్సు తాతా!"

"ఎడ్లకు తెల్సు. బస్సుకు తెల్వదు. దాపట పట్టు. దాపట!"

బండ్లన్నీ ఒకదాని వెనక ఒకటి ఎడమకు జరిగాయి. కొద్దిసేపటికి మిట్ట మీద రబ్బరు బుడ్డి హారను మోగింది. కురుమయ్య కాడి పక్కన నిలబడి కుడిచెయ్యి పైకెత్తాడు. దారి ఖాళీ అని గుర్తు. యుద్ధం వచ్చి పెట్రోలు కరువై, బస్సు వెనక బొగ్గు పొయ్యి తగిలించారు. ఆ బస్సు ఎక్కుడు వస్తే ముక్కుతుంది. దిగుడులో వేగం పట్టి ఆ ఊపులోనే అవతలి మిట్ట ఎక్కాలి. మధ్యలో ఆగితే మళ్ళీ కదలాలంటే జనం దిగి తోయాలి. అందుకని ఆ మలుపులో ఎవరూ ఆపరు. డ్రైవరు రజాక్ చెయ్యి చూశాడు, తలవంచాడు, పొగ వదులుతూ పోయాడు. కొన్నేళ్ళుగా వాళ్ళిద్దరి మధ్య మాట అంతే.

ఆ మధ్యాహ్నం రోడ్డు మేస్త్రీ సామ్యూల్ సైకిలు మీద వచ్చాడు. దిగి, టోపీ తీసి విసురుకున్నాడు. చెడ్డవాడు కాదు. చెడ్డ మాట మోయడం అతని పని.

"కురుమా, రేపటి సంది నీకు బీచుపల్లి దిక్కు పని. కంకర కొట్టాలె."

"మరి గీడ ఎవరుంటరు మేస్త్రీ?"

"ఎవరుండరు. మొదటి ఏడు గీ మలుపుల నలుగురు సచ్చిరి. మల్ల ఏడు ఇద్దరు. నిరుడు ఒక ఎద్దు. ఈ ఏడు ఎద్దు గూడ సావలే. ఎవరు సావని కాడ మనిషి ఎందుకని పైన అడుగుతున్నరు."

కురుమయ్య మెడ తిప్పి, ఒంటికన్నుతో అతన్ని సాంతం చూశాడు.

"అయితే ఒకణ్ణి సంపుమంటవా? నౌకరి నిలుస్తది."

సామ్యూల్ నవ్వబోయి మానుకున్నాడు. "నేనేం జేస్త చెప్పు. హుకుం."

హుకుం అన్న మాట కురుమయ్యకు కొత్త కాదు. ఆ మలుపులో అతన్ని నిలబెట్టింది కూడా ఒక హుకుమే.

బస్సు కొత్తగా తిరిగిన ఏడు వచ్చింది అది. బండ్లన్నీ ఎడమ పక్కన నడవాలి. హుకుం ఉర్దూలో ఉంది. ఎడమ అంటే బాయే అని సామ్యూలే చెప్పాడు. కంకర కొట్టేవాడి నోటికి సర్కారు మాట దొరికింది. కురుమయ్య దాన్ని బెల్లంముక్కలా చప్పరించాడు. సగం ఉర్దూ, సగం తెలుగు కలిపి "బాయే దిక్కు! బాయే దిక్కు!" అని అరిచేవాడు. ఈ సీమలో బావిని బాయి అంటారు. గద్వాల నుంచి పోయే బండికి బావి ఎడమనే ఉంటుంది. బండివాళ్ళు బాయి దిక్కు అనుకుని అటే జరిగారు. ఎడమకే జరిగారు. తన మాట పనిచేస్తున్నదని కురుమయ్య మురిసిపోయాడు.

ఎదురుగా వచ్చే బండికి అదే బావి కుడిన ఉంటుంది. ఆ మాట అతనికి తట్టలేదు. హుకుం పంపినవాళ్ళకు తట్టే పనే లేదు.

ఒక పొద్దున చెన్నయ్య ఐజ వైపు నుంచి వస్తున్నాడు. ఈదమ్మ పెనిమిటి. మెలకువగానే ఉన్నాడు. మిట్ట మీద నుంచి రజాక్ బస్సు జారుతున్నది. "బాయే దిక్కు!" అని కురుమయ్య గొంతు చించుకున్నాడు. చెన్నయ్య వినయం గలవాడు. సర్కారు మనిషి చెప్పినట్టే బావి దిక్కు తిప్పాడు. బస్సుకు అడ్డంగా తిప్పాడు.

ఎలపటెద్దు అక్కడికక్కడే పడింది. చెన్నయ్య సాయంత్రం దాకా ఉన్నాడు. "గాయన బాయి దిక్కు పొమ్మనె. పోయిన" అన్నాడు. అదే మాట మళ్ళీ మళ్ళీ అన్నాడు, తన తప్పేమిటో అడుగుతున్నట్టు. పక్కనే కూర్చున్న కురుమయ్యకు అప్పుడు అర్థమైంది. పొద్దుగూకే వేళకు ఈదమ్మ వచ్చింది. పీనుగు మీద పడి, అందరు ఆడవాళ్ళూ ఏడ్చేలాగే ఏడ్చింది. "ఇగ నాకు బాయే దిక్కు" అంది. బావిలో పడి చావడం తప్ప తనకు గతి లేదని. ఆ మాట ఎవరి మాటో ఆమెకు తెలియదు.

పంచనామాలో బండివాడు నిద్రపోయాడని రాశారు. కురుమయ్య పోయి, నిద్రపోలేదు, నా మాట విని తిప్పిండని చెప్పాడు. నోరు మూస్కో, నౌకరి పోతదన్నాడు సామ్యూల్. కురుమయ్య ఈదమ్మ ఇంటికి పోయి అదే చెప్పాడు. ఆమె దోసెడు దుమ్మెత్తి ముఖాన కొట్టింది. తుడుచుకోకుండా వెనక్కి వచ్చాడు. క్షమించమని అడగలేదు. అడిగేవాళ్ళు చాలామంది ఉంటారు. చేసి దిద్దుకునేవాళ్ళు తక్కువ.

చావు చూసిన కాడిని మళ్ళీ ఎద్దుల మెడ మీద పెట్టరు. చెన్నయ్య బండి కాడి రోడ్డు పక్కనే పడి ఉంటే, కురుమయ్య దాన్ని లేపి నిలబెట్టాడు. ఆనాటి నుంచి అతని నోట ఒకటే మాట, దాపట. దాహం వేస్తే బావిలో దిగి నీళ్ళు తాగుతాడు. దాని పేరు మాత్రం పలకడు.

బీచుపల్లి హుకుం చెప్పి సామ్యూల్ సైకిలెక్కి పోయాడు. ఈదమ్మ అంతా విన్నది.

"ఎల్లగొడ్తుండ్రు కుండా" అంది. "మంచిగైంది."

కుండ ఏమీ అనలేదు. ఆమె కాసేపు గుగ్గిళ్ళు తిరగేసింది. తరువాత తల ఎత్తకుండానే, ఇన్నేళ్ళలో మొదటిసారి, అతన్నే అడిగింది.

"మరి గా కాడి?"

కురుమయ్య మెడ తిప్పాడు. తనను కాదేమోనని వెనక్కి కూడా చూసుకున్నాడు.

"నీదే గద. తీస్కపో."

"తీస్కపోయి ఏం జెయ్యాలె? పొయ్యిల పెట్టుకోవాల్నా?"

"అటు మొకం పుయ్యలే ఇంక. పూసినంక తీస్కపో."

"పొయ్యిల పెట్టెదానికి సున్నమెందుకు? నీకు అప్పుడూ బుద్ధి లేదు, ఇప్పుడూ లేదు."

అతని ముఖంలో నవ్వులాంటిది ఒకటి కదిలి పోయింది. కుంచె కోసం వంగబోయాడు. ఛాతీలో ఏదో పట్టేసినట్టయింది. కాడి గుంజను పట్టుకుని నిలబడ్డాడు. అప్పటికే సంత విడిచి గద్వాల వైపు నుంచి మొదటి బండ్లు దిగుతున్నాయి. సంత నుంచి వచ్చే బండివాళ్ళు ఎక్కువమంది కల్లు తాగి ఉంటారు. కురుమయ్య కర్ర తీసుకున్నాడు. చక్రాలు కొట్టాడు. తిట్టాడు, తిట్లు తిన్నాడు. దాపట, దాపట అని అరిచాడు. గొంతు ఎప్పటికంటే సన్నగా ఉందని ఈదమ్మ గమనించింది. పట్టించుకోలేదు.

బండ్లు కాస్త తెరిపి ఇచ్చాయి. పొద్దు వాలి, రోడ్డు మీద బావి గట్టు నీడ అడ్డంగా పడింది. కురుమయ్య కాడి కింద కూర్చుని గుంజకు వీపు ఆనించాడు. సున్నం కుండను దగ్గరికి లాక్కున్నాడు. కర్రను ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఐజ వైపు నుంచి హారను మోగింది. రజాక్ కాడి వైపు చూశాడు. తెల్ల కొస కనబడింది. చెయ్యి కనబడలేదు. మనిషి మాత్రం కూర్చుని ఉన్నాడు. వానలో, జ్వరంలో కూడా ఆ చెయ్యి లేవని రోజు లేదు. రజాక్ రెండు కాళ్ళతో తొక్కి బస్సును ఆపేశాడు. లోపల జనం ఒకరి మీద ఒకరు పడ్డారు.

"ఏందయ్యా, గీడ ఆపుతవా? ఎవడు తోస్తడు?"

రజాక్ దిగి నడిచాడు. "కురుమన్నా" అన్నాడు. ముందు కూర్చుని భుజం మీద చెయ్యి వేశాడు. మెడ ఈసారి తిరగలేదు. రజాక్ తలకున్న రుమాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

ఈదమ్మ లేచి వచ్చింది. నిలబడి చూసింది. ఏడవలేదు.

"లేయ్" అంది. "బండ్లొస్తున్నయ్."

నిజంగానే మిట్ట మీద గంటల చప్పుడు వినబడుతున్నది. సంత బండ్ల రెండో వరస. మలుపు ఇవతల రోడ్డు మీద బస్సు నిలిచిపోయి ఉంది. ఆమె కొంగు నడుముకు చుట్టి, రోడ్డు మీదికి పోయి, అంబలి అమ్మే గొంతుతో అరిచింది.

"దాపట! ఓరి తాగుబోతుల్లారా, దాపట పట్టుండ్రి!"

బండ్లు ఎడమకు జరిగాయి. ఒక్కొక్కటే బస్సును తప్పించుకుని పోయాయి. రజాక్, ఇంకో ఇద్దరు కలిసి కురుమయ్యను ఆఖరి బండి మీద పడుకోబెట్టి ఊరికి పంపారు. తరువాత జనం తిట్టుకుంటూ బస్సును తోశారు. పూయకుండా మిగిలిన గద్వాల వైపు ముఖం కింద సున్నం కుండ అలాగే ఉండిపోయింది.

ఆమె క్షమించిందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. ఊరు మరునాడే ఆ మాట అనుకుంది. ఆమె ఎవరితోనూ అనలేదు. కుండతో కూడా.

కాడిని మాత్రం ఆమె తీసుకుపోలేదు. మరునాడు పొద్దున కూడా మలుపు దగ్గర అది అలాగే ఉంది. ఐజ వైపు ముఖం మీద ఈతమట్ట కుంచె సన్నటి గీతలు, పైనుంచి కిందికి, మళ్ళీ అడ్డంగా. గద్వాల వైపు ముఖం మీద, దాపట కొసన, ఇంకా ఆరని సున్నంలో నాలుగు వేళ్ళ గీతలు.