సీసీప్ ఒంటి వేడి

పొద్దున లేవగానే సీసీప్ చేసే మొదటి పని బీవర్ అనే నీటిజంతువు తోలు కోటు తొడుక్కోవడం. బొచ్చు లోపలికి, తోలు బయటికి. ఆ తర్వాతే పొయ్యి రాజేసేది, కుందేలు ఉచ్చులు చూసొచ్చేది, వల ఎత్తేది. ఉత్తరాన ఏటా గడ్డకట్టే ఆ అఖాతం ఒడ్డున ఆడామగా అందరూ అలాగే తొడిగేవారు. తమ కోసం కాదు, నదీముఖాన కోట కట్టుకుని తోళ్ళకు సరుకులు మారకం ఇచ్చే దొర కోసం. రెండు చలికాలాలు మనిషి ఒంటిని రాసుకుంటే బొచ్చులో ముతక వెంట్రుకలు రాలిపోతాయి, తోలు చెమటా జిడ్డూ తాగి మెత్తబడుతుంది. సముద్రం అవతల టోపీలు చేసేవాళ్ళకు అదే కావాలి. ఒకరి కొత్త చెప్పులు ఇంకొకరు తొడిగి, కరిచినన్నాళ్ళూ కరిపించుకుని, మెత్తబడ్డాక తిరిగిచ్చినట్టు ఉండేది ఆ బేరం.

సీసీప్ విడిచిన కోటు మాత్రం చల్లారేది కాదు. గుడారం బయట వాసానికి తగిలిస్తే కింద మంచు కరిగి మడుగయ్యేది. ఆ చోటు కోసం కుక్కలు కరుచుకునేవి. ఇందులో వింతేముంది, కొందరి చేతికి చేప బాగా పడుతుంది, కొందరి ఒంటికి కోటు బాగా పడుతుంది అనుకునేవారు జనం. మిగతావాళ్ళవి మూడు తెస్తే ఇచ్చే సరుకు, ఆమెది ఒక్కటి తెస్తే ఇచ్చేవాడు దొర.

కోటులో నిలిచిన వేడి ఆమెలోంచి పోయిందే, మరెక్కణ్ణుంచి వస్తుంది? మొదటి కోటుతో కాలివేళ్ళు చల్లబడ్డాయి, రెండోదానితో చేతులు. మూడోది అమ్మాక ఆమె మాట్లాడితే నోట ఆవిరి రాలేదు. చెంప మీద పడ్డ మంచు కరగలేదు. గడ్డకట్టిన నది ఆమె పాదం కింద ఇంకా గట్టిపడేది. కూతురు వాపున్ తల్లి పక్కన పడుకోవడం మానేసింది.

"నువ్వు చేపలా ఉన్నావే అమ్మా," అనేది. అమ్మకానికి పెట్టిన కోటును కావలించుకుని, "ఇదీ అమ్మంటే," అని నిద్రపోయేది. ఆ కోటు మీద సీసీప్‌కు సవతి మీద వచ్చేంత కోపం వచ్చేది.

వేసవి చివర ఓడ వచ్చింది. సీసీప్ మొగుడు కాయాస్క్ నాలుగో కోటు పట్టుకుని, పిల్లను వెంటేసుకుని కోటకు వెళ్ళాడు. లింక్‌లేటర్ దొర బొచ్చు మీద ఊది, లోపల చెయ్యి పెట్టి చూశాడు.

"ఏరా కాయాస్క్, ఇది శవం తొడిగిందా?"

"మా ఆడదే దొరా. వట్టిపోయినట్టుంది."

దొర కళ్ళు వాపున్ మీద పడ్డాయి. పిల్ల వెచ్చటి అరచెయ్యి తన చేతిలోకి తీసుకుని చాలాసేపు వదల్లేదు. "తల్లి పోలికే," అని నవ్వాడు. ఓడలో వచ్చిన పెట్టె తెరిచి ఈక గుచ్చిన నల్లటోపీ ఒకటి తీసి కాయాస్క్ నెత్తిన పెట్టాడు. అలాంటి టోపీ, దానితోపాటు ఎర్రకోటు ఉన్నవాణ్ణి అక్కడ కెప్టెన్ అని పిలుస్తారు. కాయాస్క్ ఆ పిలుపు కోసం ఏళ్ళ తరబడి లొట్టలేస్తున్నాడు.

"టోపీ ఇప్పుడు తీసుకో. ఎర్రకోటు, ఈ పిల్ల తొడిగిన తోలు తెచ్చాక," అన్నాడు దొర.

గుడారానికి రాగానే వాపున్ టోపీకి చెంప ఆనించి ఎగిరి గంతేసింది. "అమ్మా, ఇందులో నువ్వున్నావు!"

ఉంది మరి. సముద్రం దాటిపోయిన సీసీప్ మొదటి కోటే టోపీ అయి తిరిగొచ్చింది. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఆమె వేడిని ఆమె మొగుడికే బహుమతి ఇచ్చాడు మహానుభావుడు!

కొత్త బిచ్చగాడు పొద్దెరగడని, కాయాస్క్ నిద్రలో కూడా టోపీ తీసేవాడు కాదు. మంచు పడడం మొదలైనా అతని మీద ఒక్క పలుకు నిలిచేది కాదు. నడిచిన చోటల్లా మంచు కరిగి నల్లటి బురద అడుగులు పడేవి.

"పిల్లకు కోటు కుట్టు. నది దాటి చలికాలపు మకాం చేరగానే తొడిగించాలి," అన్నాడు.

"దాన్ని వదిలెయ్. నేనే ఇంకోటి తొడుగుతాను."

"నీలో ఏముందే? రాయికి తొడిగినా అంతే."

"పిల్ల చల్లారిపోతుందయ్యా. రేపు దాని బతుకేం కావాలి?"

"కట్టుకున్నవాడు పక్కన పొయ్యి పెట్టుకుంటాడులే," అని తన మాటకు తనే పడిపడి నవ్వాడు.

సీసీప్ కుట్టింది. కుట్టుకుట్టుకూ కడుపు రగిలింది. ఆమెలో మిగిలిన వేడి అదొక్కటే.

నది గడ్డకట్టింది. అఖాతం వైపు మాత్రం ఇంకా నల్లటి నీళ్ళు కదులుతున్నాయి. ఏటా ముందు సీసీప్ నడిచేది, ఆమె అడుగులు గట్టిపరిచిన దారిలో మిగతావాళ్ళు వచ్చేవారు. ఈసారి కాయాస్క్ ఒప్పుకోలేదు.

"కెప్టెన్ పెళ్ళాం వెనక నడుస్తాడా? నువ్వు కాలు పెట్టి చూడు, చాలు."

ఆమె చేతికర్రతో నాలుగడుగులు వేసి నిలబడింది.

"ఏమే, గట్టిగా ఉందా?"

సీసీప్ వెనక్కి తిరిగింది. ఒడ్డున అతని పాదాల చుట్టూ నీళ్ళు ఊరుతున్నాయి. అతని చంకలో పిల్లకు కుట్టిన చిన్న కోటు ఉంది.

"నా కాలికి గట్టిగానే ఉంది," అంది.

అతను ఈక సవరించుకుని బయల్దేరాడు. ఆమె ఒడ్డుకు తిరిగొచ్చి పిల్ల చెయ్యి పట్టుకుని నిలబడింది. అతను నది నడుమకు చేరాడు. మంచు పగల్లేదు, చప్పుడూ చెయ్యలేదు. అతని కింద మెత్తబడి, మోకాళ్ళ దాకా, నడుము దాకా దారి ఇచ్చింది.

"సీసీప్! కర్ర! కర్ర అందియ్యవే!"

కర్ర ఆమె చేతిలోనే ఉంది. ఆమె కాలు కదపలేదు. చిన్న కోటుతో సహా కాయాస్క్ కిందికి పోయాడు.

టోపీ పైకి తేలింది. ఈక నిటారుగా పెట్టుకుని, ముందున్న మంచును కరిగించుకుంటూ అఖాతం వైపు సాగింది. వాపున్ తండ్రి మునిగిన చోటు వైపు చూడనే లేదు.

"అమ్మ పోతోంది! అమ్మను పట్టుకో!" అని మంచు మీదికి పరిగెత్తింది.

సీసీప్ రెండంగల్లో అందుకుని రెండు చేతులా బిగించింది. పిల్ల తన్నింది, రక్కింది, ఆ చల్లటి చేతిని కొరికింది. "నువ్వు కాదు! నువ్వు నాకొద్దు! చలేస్తోంది, వదులూ!"

టోపీ వంపు తిరిగి కనుమరుగైంది. పిల్ల అరుస్తూనే ఉంది. నోటినుంచి తెల్లటి ఆవిరి పొగలు పొగలుగా వచ్చి తల్లి చెంపకు తగులుతోంది. అది వెచ్చగానే ఉందని చూసుకుని, సీసీప్ పట్టు ఇంకాస్త బిగించింది.