పక్కపక్క కుర్చీలు

ఆ హోటలు పైకప్పు మీద బల్లలన్నీ చూసుకునే హెడ్‌వెయిటర్‌ని వంటింట్లో వాళ్ళంతా వెనకాల ఎక్స్‌రే అంటారు. ఎదురుపడితే మాత్రం సార్. ఆ పేరు సంగతి ఆయనకి తెలుసు. తెలిసి లోలోపల మురిసిపోతాడు కూడా. మనిషి లిఫ్టులోంచి అడుగు బయట పెట్టాడో లేదో, ఎవరితో వచ్చాడు, ఎందుకొచ్చాడు, ఇంట్లో ఏం చెప్పి వచ్చాడు, అన్నీ చెప్పేస్తానంటాడు. చెప్పినవాటిలో నిజమైనవి పదిమందికీ చాటుతాడు, తప్పినవాటి ఊసెత్తడు. మనలో చాలామందిమి అంతే లెండి.

ఆయన శాస్త్రమంతా కుర్చీల మీద నడుస్తుంది. అంత ఎత్తుకి జనం వచ్చేది తిండికోసం కాదు, చూడటానికి. కింద మెలిక తిరిగిన నది, వంతెన మీద బారులు తీరిన కార్లు, అవతల గాజు మేడల మీంచి జారిపోయే ఎండ. ఎదురెదురుగా కూర్చుంటే కుటుంబమో వ్యాపారమో. నగరానికి వీపు పెట్టి కూర్చుంటే నలుగురి కంటా పడకూడని వ్యవహారం. అలా కాకుండా రెండు కుర్చీలు పక్కపక్కకి లాక్కుని ఇద్దరూ నది వైపు తిరిగారా, ఇంక అడగక్కర్లేదు, ప్రేమే. ఇన్నేళ్ళలో ఈ లెక్క తప్పలేదని ఆయన ధీమా.

ఆ సాయంత్రం ఇంకా రద్దీ మొదలవలేదు. ఎక్స్‌రే గ్లాసులు వెలుతురుకి పట్టి మరకలు వెతుకుతున్నాడు. లిఫ్టు తలుపులు తెరుచుకుని ఒక కుర్రాడూ, ఒకావిడా బయటికొచ్చారు. కుర్రాణ్ణి చూడగానే ఆయన గుండె గుభేలుమంది.

ఆ మొహం కూతురు ఫోనులో చూపించిన మొహమే. కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు బిగించే కుర్రాడు, చేసుకుంటే ఇతన్నే చేసుకుంటానని కూతురు పట్టుబట్టిన కుర్రాడు. ఆదివారం తనవాళ్ళని వెంటబెట్టుకుని మాట్లాడటానికి ఇంటికి రావాలి. తల్లిలేని పిల్ల, తన చేతుల మీద పెరిగింది, ఆ పిల్ల తప్ప ఆయనకి లోకంలో ఇంకెవరూ లేరు. అందుకే ఫొటో చూసిన మర్నాటి నుంచే కూపీ లాగడం మొదలెట్టాడు. షాపు ఎదురుగా ఉన్న మంగలిని అడిగాడు, కుర్రాడుండే మేడ వాచ్‌మన్‌ని అడిగాడు. అందరూ బంగారంలాంటి పిల్లాడన్నారు. ఒక్కరైనా ఒక్క వంకైనా పెట్టకపోయేసరికి ఆయనకి కంటిమీద కునుకు లేకుండా పోయింది. అందరూ ఒకే మాట చెబుతున్నారంటే ఎవరో నేర్పించారన్నమాటే కదా.

ఇప్పుడు నేర్పించినవాడు తనంతట తనే వచ్చి చిక్కాడు. పక్కనున్నావిడ అతనికంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో, కళగా ఉంది, మంచి చీర కట్టుకుంది. నగరంలో ఇన్ని హోటళ్ళుండగా ఇక్కడికే వచ్చాడంటే కాబోయే మామగారు పనిచేసేది ఇక్కడేనని తెలియదు కాబోలు. తెలిస్తే వస్తాడా!

కుర్రాడు ఆయన దగ్గరికొచ్చి, అవసరానికి మించి వినయంగా నవ్వాడు. "గోడవారగా ప్రశాంతంగా ఉండే టేబులు ఏదైనా ఉందాండీ?"

వెయిటర్‌కి ఇంత మర్యాద దేనికి? ప్రశాంతత దేనికి? ఎక్స్‌రే నది వైపు చివరి బల్ల చూపించాడు. ఆవిడ కూర్చుంది. కుర్రాడు ఎదురుగా కూర్చోబోయి ఆగాడు. కుర్చీ బరబరా లాక్కొచ్చి ఆవిడకి కుడిపక్కన, భుజానికి భుజం తగిలేంత దగ్గరగా వేసుకున్నాడు.

ఇంక శాస్త్రం తిరగేయక్కర్లేదు.

వంటింటి కిటికీ దగ్గరికి వెళ్ళి సూపు చెబుతూ విషయం వంటమాస్టర్ చెవిన వేశాడు. ఇద్దరూ ఎప్పటినుంచో కలిసి పనిచేస్తున్నారు.

"అక్కో చెల్లో అయ్యుంటుందిలే అన్నా," అన్నాడు వంటమాస్టర్ గరిటె ఆపకుండా.

"అతనికి అక్కలూ లేరు, చెల్లెళ్ళూ లేరు. నేను ఆరా తీశాను."

"అయితే వెళ్ళి మొహమ్మీదే అడిగెయ్. నీ అల్లుడే కదా."

"అడిగితే చెబుతాడా? మెల్లిగా చూడాలి."

మెల్లిగా చూడటమంటే ఆయనకి మహా సరదా. కానీ ఆ చివరి బల్ల దగ్గర నక్కడానికి చోటు లేదు. వెళ్ళి, "గాలి ఎక్కువవుతుందండీ, లోపలికి మారండి," అని అబద్ధమాడి స్తంభం పక్క బల్లకి మార్చాడు. అక్కడ పాటలు వచ్చే స్పీకరు సరిగ్గా నెత్తిమీద ఉంటుంది. అందుకే ఆ బల్ల ఎవరూ అడగరు. ఆయనకి కావలసింది స్తంభం. దాని వెనక పూలకుండీలు సర్దుతూ ఎంతసేపైనా నిలబడొచ్చు.

కుర్రాడి మొహం ముడుచుకుంది. "ఇక్కడ చప్పుడు..." అని ఏదో అనబోయాడు.

"మిగతావన్నీ ముందే చెప్పి ఉంచుకున్నారండీ," అన్నాడు ఎక్స్‌రే. చుట్టూ ఖాళీ బల్లలు వెక్కిరిస్తున్నాయి.

కుర్రాడు లేచి దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "మీరు కాస్త ఖాళీ అయ్యాక ఒక్క మాట మాట్లాడాలండీ. పర్సనల్."

ఎక్స్‌రేకి ఒళ్ళు మండిపోయింది. ఆ మాట కొత్తదా ఆయనకి! ప్రియురాలి ముందు మోకాళ్ళ మీద కూర్చోబోయే మగవాళ్ళంతా ముందు ఆయన్నే పక్కకి పిలుస్తారు. ఉంగరం ఐస్‌క్రీములో పెట్టమంటారు, పాట మార్చమంటారు. "చూద్దాం లెండి," అని కుండీల వైపు నడిచాడు.

స్పీకరు హోరులో మాటలు ఒక్కటీ అందలేదు. కళ్ళకి మాత్రం అన్నీ అందాయి. కుర్రాడు ఆవిడ చెవిలో పెదవులు ఆనేంత దగ్గరగా ఏదో చెప్పాడు. ఆవిడ అతని చెయ్యి పట్టుకుని తల అడ్డంగా ఊపింది. అతను మళ్ళీ చెవి దగ్గరికి వంగాడు. ఆవిడ నవ్వింది, కళ్ళు తుడుచుకుంది. అంతలో సంచీలోంచి చిన్న డబ్బా తీసింది. అందులో ఉంగరం. తన వేలికి తొడుక్కుని దీపం కింద అటూ ఇటూ తిప్పి చూసుకుంది. కుర్రాడు ఆ వేలినే చూస్తూ మురిసిపోతున్నాడు.

ఎక్స్‌రే కుండీలు వదిలేశాడు. ఆదివారం తన ఇంట్లో కూర్చుని, తన కూతురి మొహంలోకి ఇలాగే నవ్వుతాడన్నమాట! సామాన్ల లిఫ్టు పక్కకి వెళ్ళి ఫోను తీశాడు.

"అమ్మలూ, ఆ అబ్బాయి ఈ సాయంత్రం ఎక్కడుంటానన్నాడు?"

"ఏదో పనుందన్నాడు నాన్నా. రేపు చెబుతానన్నాడు. ఏం?"

"ఆ పని నా కళ్ళెదుట కూర్చునుంది. పట్టుచీర కట్టుకుని, వేలికి ఉంగరం తొడుక్కుని. ఇద్దరూ చెవులు కొరుక్కుంటున్నారు. చేతిలో చెయ్యి కూడా."



"నువ్వే చూశావా?"

"ఈ రెండు కళ్ళతో."

"సరే నాన్నా. నేను చూసుకుంటాను." ఫోను పెట్టేసింది.

నూతిలో పడబోయే పిల్లని రెక్క పట్టుకుని లాగినట్టు ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. ఏడుస్తుంది పాపం, ఏడవనీ, పెళ్ళయ్యాక ఏడ్చేకంటే నయం అనుకున్నాడు. తనలాంటి తండ్రి ఉండటం ఆ పిల్ల అదృష్టమని కూడా అనుకున్నాడు. ఆ మెచ్చుకోలు ఆయనే చేసుకోవాల్సి వచ్చింది, ఇంకెవరూ అనలేదు కాబట్టి.

స్తంభం దగ్గరికి తిరిగొచ్చేసరికి కుర్రాడి ఫోను మోగుతోంది. అతను నవ్వుతూ ఎత్తాడు. నవ్వు ఉన్నచోటే ఆరిపోయింది. "అది కాదు, ఒక్క నిమిషం నా మాట..." అంటూ లేచి నిలబడ్డాడు. ఆ నిమిషం అతనికి దొరకలేదు. తెగిపోయిన ఫోను చెవి దగ్గర్నుంచి దించాడు.

"ఏంట్రా? ఎవరు? అమ్మాయేనా?" అని ఆవిడ అరిచినంత గట్టిగా అడిగింది. అప్పుడే వచ్చి కూర్చుంటున్న జనమంతా ఇటు తిరిగారు.

కుర్రాడు తిన్నగా స్తంభం వెనక్కి వచ్చాడు.

"ముందు ఆ పాటలు ఆపించండి మామయ్య గారూ."

ఎక్స్‌రే ఒకడుగు వెనక్కి వేశాడు.

"మీరెవరో తెలిసే వచ్చాం," అన్నాడు కుర్రాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, మర్యాద మాత్రం తప్పలేదు. "ఆవిడ మా పిన్ని. అమ్మ పోయాక నన్ను పెంచిందీవిడే. ఎడమ చెవి చిన్నప్పుడే పోయింది. కుడిపక్కన కూర్చుని చెబితేగానీ వినబడదు. ఆదివారం ఇంటినిండా మనుషులుంటే ఆవిడకి సగం మాటలు అందవు. అందుకని ముందే మీతో నిదానంగా మాట్లాడి, ఉంగరం చూపించి వెళదామంది. రద్దీ లేని వేళ చూసుకుని మరీ వచ్చాం."

ఎక్స్‌రే చెయ్యి గోడ మీది మీట కోసం తడుముకుంది. పాటలు ఆగిపోయాయి. కింద వీధిలో కార్ల హారన్లు వినబడ్డాయి.

"నాదే పొరపాటు బాబూ," అన్నాడు. ఆ మాట ఆయన నోట ఎవరూ విని ఎరగరు. "ఇప్పుడే చెబుతాను అమ్మాయికి. ఇప్పుడే."

"మీరు పొరబడ్డారు, సరే. మీరు నన్నెప్పుడూ చూడలేదు." కుర్రాడు మాట కూడదీసుకున్నాడు. "తను నన్ను రెండేళ్ళుగా చూస్తోంది మామయ్య గారూ. ఎవరావిడ అని కూడా అడగలేదు."

పిన్ని లేచి వచ్చింది. కుర్రాడి మొహమే ఆవిడకి సంగతంతా చెప్పినట్టుంది. దగ్గరగా చూస్తే చెంపల దగ్గర నెరసిన వెంట్రుకలున్నాయి, ఎక్స్‌రే కళ్ళు ఇందాక వాటిని దాటిపోయాయి. "తప్పు నాదే అన్నయ్య గారూ, చెప్పాపెట్టకుండా వచ్చాను," అంది. ఉంగరం డబ్బా సంచీలో వేసుకుంది. "ఆదివారం రమ్మంటారో వద్దంటారో, అమ్మాయితో మాట్లాడి కబురు చెయ్యండి. వీడు ఎదురుచూస్తాడు."

తిట్టి ఉంటే ఆయనకి కాస్త నయంగా ఉండేది. లిఫ్టు తలుపులు మూసుకునేదాకా తల దించుకుని నిలబడ్డాడు.

బల్లలు నిండుతున్నాయి. నది మీద ఎండ ఎర్రబడింది, జనం ఫోనులు పైకెత్తి ఫొటోలు తీసుకుంటున్నారు. ఎవరో సార్ సార్ అని పిలుస్తున్నారు. ఆయన ఎవరికీ పలకకుండా కూతురికి ఫోను చేశాడు. మొదటిసారి ఎత్తలేదు. రెండోసారి ఎత్తింది, గొంతు బొంగురుపోయి ఉంది.

"అమ్మలూ, నేను ఘోరంగా పొరబడ్డానమ్మా. ఆవిడ అతని పిన్నిట. చెవి వినబడదుట. ఉంగరం నీ కోసమే తెచ్చార్ట. వెంటనే ఆ అబ్బాయికి ఫోన్ చెయ్యి తల్లీ, నా తప్పని చెప్పు."

కూతురు ముక్కు ఎగబీల్చింది. ఏడుపు ఆపుకుని, నెమ్మదిగా, ఒక్కో మాటా ఏరుకుంటున్నట్టు అడిగింది.

"పిన్నని నీకెవరు చెప్పారు నాన్నా?"

ఆయనకి ఒట్టు వేసి చెప్పాలనిపించింది, కానీ దేని మీద వెయ్యాలి? కాగితం చూడలేదు, ఎవరినీ వాకబు చెయ్యలేదు. కుర్రాడి కళ్ళలో నీళ్ళు చూశాడు, అంతే. కళ్ళనీళ్ళని నమ్మకూడదని ఈ పిల్లకి నేర్పింది ఎవరు?

"వాళ్ళే చెప్పారమ్మా," అన్నాడు చివరికి.

"వాళ్ళు అలాగే చెబుతారు నాన్నా. మరి చూశావా," అంది కూతురు.